పసుపు దీపంతో పంతం

కారు డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మతో ఒక పసుపు దీపం ఉంటుంది. అది వెలిగినప్పుడు మనిషి రెండు పనుల్లో ఒకటి చేస్తాడు. బండిని గరాజ్‌కి తీసుకెళ్తాడు, లేదంటే దీపం వెలగనట్టే ఉండిపోతాడు. మీరు రెండో రకమైతే కాస్త దగ్గరికి జరగండి, మనం మనం ఒకటి. నేను మీకంటే ఒక మెట్టు పైకెక్కాను. దీపాన్ని ఆర్పే విద్య నేర్చుకుని, నాదే కాక తెలిసినవాళ్లందరి కార్లలోనూ ఆర్పాను. ఆ సంగతి మీతో కాకపోతే ఇంకెవరితో చెప్పుకోను?

మేముండేది షార్జాలో, అల్ నహ్దాలో. ఉద్యోగం దుబాయ్‌లో. పొద్దున్నే అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద అంగుళం అంగుళం జరిగేవాళ్లకి కారు విలాసం కాదు, అవసరం. కానీ నేను అవసరానికి కొనలేదు, గొప్పకి కొన్నాను. అమెరికాలో దెబ్బతిని వేలంలో అమ్ముడైన బండ్లు ఓడలెక్కి ఇక్కడికొస్తాయి. వాటిని బాగుచేసి అమ్మేవాళ్లు షార్జా నిండా ఉన్నారు. గల్ఫ్ దేశాల కోసం తయారైన బండిని ఇక్కడ జీసీసీ స్పెక్ అంటారు. దానితో పోలిస్తే అమెరికన్ స్పెక్ బాగా చవక. చిన్న జీసీసీ కారుకు పెట్టే డబ్బుకి ఆరు సిలిండర్ల పెద్ద బండి వస్తుంటే నా మనసు ఆగలేదు. కొనేముందు ఒకసారి మెకానిక్‌కి చూపించమని ఆఫీసులో ఇద్దరు చెప్పారు. చూపిస్తే వద్దంటాడేమోనని చూపించలేదు. ఇలాంటి పని మీరూ ఎక్కడో ఒకచోట చేసే ఉంటారు. స్థలం దగ్గరో, సంబంధం దగ్గరో.

బండి పక్కన నిలబడి ఫొటో దిగి తెనాలి పంపాను. మా పెదనాన్న ఆ ఫొటో చూపించని గడప మా వీధిలో మిగల్లేదు. స్పీడోమీటరు మైళ్లలో ఉండడం కూడా నాకు ఆ రోజుల్లో ఒక నగలాగే కనిపించింది.

మొదటిసారి దీపం వెలిగింది పెట్రోలు మూత వల్ల. ఇక్కడ పెట్రోలు బంకులో మనం దిగక్కర్లేదు, కుర్రాడే పోసి మూత బిగిస్తాడు. ఆ రోజు మూత సరిగ్గా పడలేదు. అమెరికా బండ్లలో ట్యాంకులోంచి పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా కాపలా కాసే ఏర్పాటు ఒకటుంది. మూత వదులైతే ఆవిరి తప్పించుకుంటోందని కంప్యూటరు పట్టేసి దీపం వెలిగిస్తుంది. నేను మూతను టక్కుమనేదాకా తిప్పాను, కొన్నాళ్లకి దీపం దానంతటదే ఆరింది. చాలా లోపాల విషయంలో ఆ కంప్యూటరు తొందరపడదు. వరుసగా రెండు ప్రయాణాల్లో తప్పు కనిపిస్తేనే దీపం వెలిగిస్తుంది, వరుసగా మూడు ప్రయాణాలు శుభ్రంగా సాగితే తనే ఆర్పేస్తుంది. ఇంత ఓపికైన యంత్రం నాకు అప్పట్లో అర్థం కాలేదు. అర్థమైందల్లా ఒక్కటే: దీపం వెలిగింది, నేను చెయ్యి పెట్టాను, ఆరింది. నాకు ఇంజన్లు తెలుసు!

చిన్న గెలుపు మనిషిని పాడుచేసినంతగా పెద్ద ఓటమి పాడుచెయ్యదు. మర్నాడే డ్రాగన్ మార్ట్‌కి వెళ్లి, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన స్కానర్ కొన్నాను. స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్ ఒకటుంటుంది. అందులో దీన్ని గుచ్చితే బ్లూటూత్‌తో ఫోనులోకి కోడ్ వస్తుంది. పీ అక్షరం, దాని వెనక నాలుగు అంకెలు. కింద ఒక బటన్, నొక్కితే కోడ్ తుడిచిపెట్టుకుపోయి దీపం ఆరిపోతుంది. ఆ యాప్‌లో ఇంకా చాలా పేజీలున్నాయి. నేను వాటి జోలికి పోలేదు. నాకు కావలసిన బటన్ మొదటి పేజీలోనే దొరికింది.

ఇక్కడ ఏటా ముల్కియా, అంటే బండి రిజిస్ట్రేషన్, రెన్యువల్ చేయించాలంటే బండి పాసింగ్‌కి వెళ్లాలి. కొత్త ప్రైవేటు కార్లకి మొదటి మూడేళ్లు ఆ బాధ లేదు. ఆ తర్వాత బ్రేకులు, టైర్లు, లైట్లు, పొగ అన్నీ చూస్తారు. మన తెలుగువాళ్లలో ఎక్కువమందివి పాత బండ్లే. పాసింగ్ దగ్గరపడగానే పసుపు దీపం భయం పట్టుకుంటుంది. ఆ భయం నాకు పండగైంది. మా బిల్డింగు పార్కింగులో ఒకరి తర్వాత ఒకరు వచ్చేవాళ్లు. "అన్నా, ఒక్కసారి చూడవా" అనేవాళ్లు. స్కానర్ గుచ్చి, అంకెలు చూసి, గంభీరంగా తలాడించి, బటన్ నొక్కేవాణ్ని. దీపం ఆరేది. టీ ఇప్పించేవాళ్లు, బిర్యానీకి పిలిచేవాళ్లు. అంత గౌరవం నాకు ఉద్యోగంలో ఎన్నడూ దొరకలేదు. ఆ అంకెల అర్థం ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగుంటే నా దగ్గర జవాబు లేదు.

ఆ దీపం ఎక్కడ పుట్టిందో నాకు తర్వాత తెలిసింది. లాస్ ఏంజెలిస్‌లో 1940ల నుంచీ పొగమంచు లాంటిది కమ్మి కళ్లు మండేవి. అది ఎక్కడిదో ఎవరికీ అంతుపట్టలేదు. 1950ల మొదట్లో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త, కార్ల పొగ, కాలని పెట్రోలు ఆవిరి ఎండలో కలిసి ఆ విషాన్ని తయారుచేస్తున్నాయని తేల్చాడు. 1967లో కాలిఫోర్నియా గాలి కోసమే ఒక బోర్డు పెట్టింది, దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. కారు తన తప్పు తనే కనిపెట్టి డ్రైవరుకు చెప్పుకోవాలన్న నిబంధన 1988 మోడళ్ల నుంచి ఆ రాష్ట్రంలో వచ్చింది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ ఒకే సాకెట్, ఒకే అంకెల భాష అయ్యాయి. ఎవరి కళ్లు మండితేనో పుట్టిన దీపం అది. నా గొప్ప కోసం కొన్న అమెరికా బండిలో అది నాతోపాటు ఎడారిదాకా వచ్చింది. నేను దాని నోరు మూయించడమే విద్య అనుకున్నాను.

రెండోసారి నా బండిలో వెలిగినప్పుడు కోడ్ మారింది. పీ0171, దాని వెంటే పీ0174. యాప్ కింద ఒక వాక్యం చూపించింది: మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. అందులో ఆక్సిజన్ సెన్సర్ మాటే లేదు. అయినా ఎవరో ఎక్కడో చెప్పినట్టు గుర్తొచ్చి, సెన్సర్ కొని బిగింపించాను. మెకానిక్ నన్నేదో అడగబోయాడు. "నువ్వు బిగించు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాను. బటన్ నొక్కాను. దీపం ఆరింది, మళ్లీ వెలిగింది. ఇంజను రెండో వైపు సెన్సరూ మార్పించాను. ఆరింది, మళ్లీ వెలిగింది. కొత్త సెన్సర్లు కూడా పాతవాటి మాటే చెప్తున్నాయంటే పాతవి నిజమే చెప్పాయని కదా అర్థం! ఆ ఆలోచన నా బుర్రకు తట్టలేదు. తట్టకపోవడానికి తెలివితక్కువతనం ఒక్కటే కారణం కాదు. పార్కింగులో అన్న అనిపించుకున్నవాడు గరాజ్‌కి వెళ్లి "తమ్ముడూ, ఇదేంటో చూడు" అనాలి కదా. ఆ ఒక్క మాట నా గొంతు దాటలేదు.

వేసవంతా అలాగే తిరిగాను. పొద్దున ఆఫీసుకు వెళ్లేముందు బటన్ నొక్కడం దేవుడికి దణ్ణం పెట్టుకోవడమంత అలవాటైపోయింది. పెట్రోలు ఖర్చు పెరిగింది. నెలనెలా ధరలు మారుతుంటాయిగా, అదే అయ్యుంటుందని ఇంట్లో చెప్పాను.

జనవరిలో మా బావమరిది కుటుంబంతో హైదరాబాద్ నుంచి వచ్చాడు. చల్లటి రోజులు, ఎక్కడికైనా వెళ్దామన్నారు. జెబెల్ జైస్ అన్నాను. రాస్ అల్ ఖైమాలో ఉంది, ఈ దేశంలో అన్నింటికంటే ఎత్తైన కొండగా దానికి పేరు. చాలా ఎత్తుదాకా మెలికలు తిరిగే చక్కటి రోడ్డు. నా ఆరు సిలిండర్ల బలం చూపించడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

బయల్దేరగానే బావమరిది అడిగాడు. "బావా, ఆ పసుపు లైటేంటి?"

"ఇక్కడ ఎండలకి అదలా వస్తుందిలే" అన్నాను.

జనవరిలో, పొద్దున్న, కిటికీ అద్దాలు దించుకుని చల్లగాలి పీల్చుకుంటూ అన్న మాట అది. అతని హైదరాబాద్ కారు 2020 తర్వాత వచ్చిన భారత్ స్టేజ్ 6 బండి, దానికీ ఆ దీపం ఉంది, అతనికి దాని అర్థమూ తెలుసు. పెద్దవాణ్నని ఊరుకున్నాడు.

కొండ ఎక్కడం మొదలైంది. కాసేపటికి బండి వణికింది. యాక్సిలరేటర్ ఇంకాస్త నొక్కాను, ఇంకాస్త వణికింది. అప్పటిదాకా నిలకడగా ఉన్న పసుపు దీపం మిణుకు మిణుకుమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. మా ఆవిడ చూసింది. "ఏమండీ, ఆపండి ఒకసారి." ముందు వ్యూ పాయింట్ ఉంది, అక్కడ ఆపుదామన్నాను. వ్యూ పాయింట్ వచ్చింది. నిండా జనం, అందులో మనవాళ్లు కూడా కనిపించారు. ఇంత పెద్ద బండి బానెట్ ఎత్తి వాళ్లందరి ముందూ నిలబెట్టాలా? ఆపలేదు. పైన ఆపుదామన్నాను. కుళ్లిన కోడిగుడ్డు వాసనొచ్చింది. వెనక సీట్లో పిల్లలు ముక్కు మూసుకున్నారు, బయటి వాసనని అద్దాలెత్తించాను. వాసన లోపలే ఉంది. పాట పెట్టాను, సౌండు పెంచాను. బండి దగ్గింది, ఊగింది, దీపం కొట్టుకుంటూనే ఉంది. బావమరిది చెయ్యి పైనున్న హ్యాండిల్ పట్టుకుంది. నేను ఇంకా గట్టిగా నొక్కాను, ఇంకా, ఇంకా, పైదాకా!

పైకి చేరాం. ఫొటోలు దిగాం. తెనాలికి పంపాం.

నిలకడగా వెలిగే దీపం వీలు చూసుకుని చూపించుకోమంటుంది. మిణుకుమనే దీపం ఇప్పుడే తగ్గమంటుంది. సిలిండర్లలో పెట్రోలు కాలకుండానే బయటికొచ్చేస్తోందని దానర్థం. ఆ పెట్రోలు పొగగొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూతతో తేనెపట్టు గదుల్లాగా అల్లిన పింగాణీ దిమ్మ అది. విషవాయువుల్ని విరిచేసే పని దానిది. ఆ వేడికి అది కరుగుతుంది. మనిషన్నవాడు ఎవడైనా సరే, దీపం మిణుకుమంటే కాలు తియ్యాలి, బండి పక్కకు పెట్టాలి. నా మీద కోపం వస్తే రానివ్వండి, ఈ ఒక్క ముక్క మాత్రం గుర్తుంచుకోండి.

దిగేటప్పుడు ఇంజను మీద భారం లేదు కాబట్టి వణుకు తగ్గింది. "చెప్పానా" అన్నాను కూడా. ఎమిరేట్స్ రోడ్డు మీదకొచ్చాక యాక్సిలరేటర్ ఎంత నొక్కినా బండికి ఊపిరాడలేదు. వేగం పడిపోయింది. హజార్డ్ లైట్లు వేసి పక్కకు తీశాను. పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే బండి మొత్తం అదురుతోంది. బారికేడ్ అవతల ఇసుకలో పిల్లల్ని పట్టుకుని మా ఆవిడ, బావమరిది భార్య నిలబడ్డారు. ఆ దృశ్యం తలుచుకుంటే నాకిప్పటికీ కడుపులో తిప్పుతుంది. డబ్బు పోయిన సంగతి వేరు. నా పరువు కోసం ఆ ఇద్దరాడవాళ్లనీ పిల్లల్నీ హైవే అంచున నిలబెట్టాను.

వాళ్లని టాక్సీలో పంపించాం. రికవరీ వ్యాన్ వచ్చేదాకా బావమరిదీ నేనూ మిగిలాం. నా ఫోను తీసుకుని యాప్ తెరిచాడు. నేను ఎన్నడూ చూడని ఒక పేజీలో తుడిచిన కోడ్‌లన్నీ తేదీలతో సహా వరుసగా ఉన్నాయి. పైనుంచి కిందికి జరుపుతూ పోయాడు, ఎంతకీ తరగలేదు.

"బావా, ఈ రెండు నెంబర్లూ ఎప్పుడు చూసినా జంటగానే ఉన్నాయేంటి?" అన్నాడు.

నా దగ్గర మాట లేదు.

బండిని షార్జా సనయ్యాకి, అంటే ఇండస్ట్రియల్ ఏరియాకి, చేర్చాం. అక్కడో గరాజ్‌లో జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన తమ్ముడు పనిచేస్తున్నాడు. ఫోనులో ఆ లిస్టు చూసి నా మొహం చూశాడు. "గిన్నిసార్లు చెప్పిందా? మీరు గిన్నిసార్లు తుడిచిండ్రా? కుక్క మొరుగుతాంటే దొంగ ఎటున్నడో సూడాలె గని, కుక్కను కొడ్తరా సార్?"

నేను సెన్సర్ల కథ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "గది పార్టు పేరు కాదు సార్. ఇంజన్ల లెక్కల లేని గాలి జొరవడుతున్నదని చెప్తున్నది. ఇంజనుకు రెండు దిక్కులున్నయ్, రెండు దిక్కులా ఒక్కపారే గదే మాట వస్తున్నది. రెండు సెన్సర్లు ఒక్కపారే ఖరాబైతయా? రెంటికీ గాలి ఒక్కటే తొవ్వల వస్తది. గా తొవ్వ సూడాలె." ఏ వేగంలో, ఎంత వేడిలో, ఎంత భారం మీద తప్పు జరిగిందో కంప్యూటరు ఫొటో తీసినట్టు దాచిపెడుతుందట. అది కావాలన్నాడు. కోడ్ తుడిచిన ప్రతిసారీ అదీ తుడిచేశానని అప్పుడే తెలిసింది నాకు.

తన స్కానర్ పెట్టి ఇంజను నడుస్తుండగా ఒక అంకె చూపించాడు. ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అది 20 దాటి ఉంది. లెక్క ప్రకారం పొయ్యాల్సిన పెట్రోలు కంటే 20 శాతం పైగా ఎక్కువ పోస్తే తప్ప ఇంజను నిలవడం లేదని దానర్థం. నెలనెలా ధరల మీద నెట్టేసిన ఖర్చు ఆ తెర మీద కనిపించింది. ఆ అంకె నా యాప్‌లోనూ ఉంది, ఒక్క పేజీ అవతల.

తర్వాత ఇంజను ఆపి, గాలి వెళ్లే దారిలోకి చిన్న మిషనుతో పొగ పంపాడు. నల్లటి రబ్బరు గొట్టం, మడతలు మడతలుగా ఉంది. పైనుంచి చూస్తే చెక్కుచెదరలేదు. కిందికి టార్చి వేశాడు. ఒక మడత అంచు నుంచి పొగ సన్నటి దారంలా పైకి లేస్తోంది. రెండు వేళ్లు పెట్టి మడతను విడదీశాడు, నోరు తెరిచింది. నలభై అయిదు డిగ్రీలు దాటే ఎండలో, బానెట్ కింద దానికి రెట్టింపు వేడిలో, ఎక్కడెక్కడో తిరిగి వచ్చిన ఆ పాత రబ్బరు ఎండిపోయి పగిలింది. చదును రోడ్డు మీద పగులు సగం మూసుకుని ఉండేది. కొండెక్కేటప్పుడు ఇంజను బలానికి పక్కకి ఒరిగి పూర్తిగా తెరుచుకుంది. నేనెంత నొక్కితే అంత తెరుచుకుంది.

ఆ గొట్టం పాత సామాన్ల దుకాణంలో డెబ్బై దిర్హాములకి దొరికింది.

క్యాటలిటిక్ కన్వర్టర్ ఊడదీసి వెలుతురుకెదురుగా పట్టుకున్నాడు. సన్నటి గదుల్లోంచి వెలుగు రావాలి. ఒక పక్క వచ్చింది. రెండో పక్క కరిగి, ముద్దకట్టి, బూడిదరంగు రాయిలా అడ్డుపడి ఉంది. బండికి ఊపిరాడనిది అందుకే. కొత్తది వేలల్లో ఉంది. ఇంకోచోట అడిగితే తేలికైన మార్గం చెప్పారు: లోపలిది ఖాళీ చేసి డబ్బా మళ్లీ బిగించేద్దాం, దీపం ఎప్పటికీ వెలగకుండా కంప్యూటర్లో మార్పించేద్దాం. నేను నిజం చెప్తాను, ఒక పూట ఊగిసలాడాను. జగిత్యాల తమ్ముడితో అన్నాను కూడా. "గా పొగ మన పోరగాండ్లే పీలుస్తరు సార్" అన్నాడు. ఆ మాట తర్వాత బేరం లేదు. అప్పు చేసి కొత్తది వేయించాను.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. నా బండి కాదు, పార్కింగులో నేను బటన్ నొక్కిన మిగతా బండ్లు కళ్లముందు తిరిగాయి. ఇప్పుడు నేను చూడాల్సిన లిస్టు అది. కోడ్ తుడిస్తే తప్పు పోదు, కంప్యూటరు తన పరీక్షలన్నీ మొదటినుంచి మళ్లీ మొదలుపెడుతుంది. అవి పూర్తయ్యేలోపు దీపం ఆరి ఉంటుంది, అంతే. కాలిఫోర్నియాలో పొగ పరీక్షకెళ్తే ఆ పరీక్షలు పూర్తికాలేదని కనిపెట్టి బండిని వెనక్కి పంపేస్తారు. ఇక్కడ నేను మాత్రం మావాళ్లకి ఆ కాస్త వ్యవధినే వైద్యమని నమ్మించాను. అందులో ఇద్దరు పసిపిల్లల తండ్రులు. ఒకతను రాత్రి డ్యూటీ చేసి తెల్లారుజామున హైవే మీద ఒంటరిగా వచ్చేవాడు.

తెల్లారాక ఒక్కొక్కరికీ ఫోను చేశాను. నాకేమీ తెలీదని, బటన్ నొక్కడం తప్ప చెయ్యగలిగింది లేదని చెప్పాను. ఆ మాట పలకడానికి భయపడ్డంత కష్టమేమీ కాలేదు. ఎవరూ తిట్టలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఒకతని బండిలో ఒక్క సిలిండర్ కాయిల్ పోయింది, గంటలో మార్చారు. ఇంకొకతనిది ఎయిర్ ఫిల్టరు సరిగ్గా కూర్చోక ఇసుక లోపలికి పోతోంది, గాలిని కొలిచే సెన్సర్ మీద దుమ్ము అట్టకట్టింది, శుభ్రం చేస్తే సరిపోయింది. రాత్రి డ్యూటీ అతను మాత్రం ఇంకా వెళ్లలేదు. వచ్చేవారం పాసింగ్ ఉంది, "ఈ ఒక్కసారికీ నీ బటన్ నొక్కు అన్నా, ఆ తర్వాత చూపిస్తా" అంటున్నాడు. స్కానర్ తీసుకుని వస్తానని చెప్పాను, నిజంగానే తీసుకెళ్తాను. కోడ్ రాసుకుంటాం, ఫొటో తీసుకుంటాం. ఈ శనివారం అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ దీపం వెలుగుతుండగానే, జగిత్యాల తమ్ముడి దగ్గరికి మెల్లగా నడుపుకుంటూ పోతాం.